వేరు చూసి విత్తనం

విజయవాడ నుంచి మైలవరం, ఎ.కొండూరు మీదుగా తిరువూరు వెళ్లే దారిలో మామిడితోటలు చాలా దూరం వెంట వస్తాయి. తిరువూరు నుంచి గంపలగూడెం వైపు మళ్లాక తోటలు పలచబడి పత్తి, మిరప, వరి చేలు కనబడతాయి. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లాలో ఉన్న గంపలగూడెం మండలం ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలోది. పొలిమేర దాటితే తెలంగాణ, ఖమ్మం జిల్లా మధిర వైపు ఊళ్లు. సాగర్ ఎడమ కాలువకు ఇది చివరి ఆయకట్టు. నీరందిన పల్లంలో వరి, అందని మెరకలో బోరు కింద మిరప, వానను నమ్ముకుని పత్తి. నేల కూడా ఒక్క తీరుగా ఉండదు. ఒకచోట నల్లరేగడి, నాలుగు గట్లు దాటితే ఎర్ర చెలక, కట్టలేరు ఒడ్డుకు దగ్గరైన కొద్దీ ఇసుకపాలు ఎక్కువైన తేలిక నేల. ఆ తేలిక నేలలో మిరప కంటే ముందు వేసిన జనుమును చూడాలని జూలై చివర్లో బయల్దేరాను.

చేలో జనుము ఛాతీ ఎత్తున ఉంది. కొనలకు పసుప్పచ్చని పూలు అప్పుడప్పుడే విచ్చుకుంటున్నాయి. జూన్‌లో మృగశిర వానకు చల్లిన పైరు అది. ఇంకో రెండు మూడు రోజుల్లో దున్నేస్తారట. ఏళ్ల తరబడి మిరపే వేస్తూ వచ్చిన రైతు ఒకాయన, ఆయన భార్య నన్ను గట్టు మీదుగా లోపలికి తీసుకెళ్లారు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

"ఈ చెక్క మీద మాకు ఆశ పోయిందమ్మా" అన్నారాయన. "నాటిన రెండు నెలలదాకా తోట బాగానే ఉండేది. ఆ తర్వాత అక్కడక్కడా గుంపులు గుంపులుగా గిడసబారేది. ఎండెక్కితే మొక్క వాలిపోయేది, పొద్దుగూకేసరికి మళ్లీ లేచేది. నీళ్లు చాల్లేదేమోనని తడి పెట్టాం. బలం లేదేమోనని యూరియా వేశాం. కొట్లో ఏది ఇస్తే అది కొట్టాం."

అసలు సంగతి కనిపెట్టింది ఆయన కాదు, ఆవిడ. కోతలయ్యాక మిరపమోళ్లు పీకి వంటచెరకుగా ఇంటికి తెచ్చుకునేటప్పుడు చూశారట. "మంచి చెక్కలో మోడుకి పీచువేళ్లు ఉంటాయండీ. ఇక్కడి మోళ్లకి వేరంతా బుడిపెలే. కణుపులు కణుపులుగా ఉబ్బి ఉంది. పొయ్యిలో పెట్టే ముందు ఓ నాలుగు పక్కన పెట్టి, ఇదేంటో కనుక్కోమని ఈయనకి ఇచ్చాను." పైన ఆకు చూసి మందు కొట్టే అలవాటు మనందరిదీ. మోడు చూసి, తేడా పట్టుకుని, దాచిపెట్టడం ఆవిడ చేసిన పని. ఈ కథకు అదే మొదలు, అందులో గొప్పతనం ఉందని నా నమ్మకం.

గట్టు మీద ఖాళీ ఎరువు సంచి పరిచి ఆయన మూడు మొక్కలు పీకుకొచ్చి పెట్టారు. కంచె పక్కన కూరకోసం వేసుకున్న బెండ ఒకటి, గట్టున తనంతట తాను మొలిచిన పెసర ఒకటి, చేలోంచి జనుము ఒకటి. నీళ్లు పోసి మట్టి కడిగారు. బెండ వేరు చూడగానే ఎవరికైనా అర్థమవుతుంది. వేరంతా తాడుకు ముడులు పడ్డట్టు ఉబ్బి, గరుకుగా, పీచువేళ్లు లేకుండా ఉంది. పెసర దగ్గరే చూపు నిలపాలి. దాని వేరుకూ గుండ్రని బుడిపెలున్నాయి. పప్పుజాతి మొక్క కాబట్టి అవి రైజోబియం బుడిపెలేనని నేననుకున్నాను. ఆయన బొటనవేలితో ఒకదాన్ని పక్కకు తోశారు. అది వేరును వదిలి ఊడొచ్చింది. గోటితో చీల్చితే లోపల లేత గులాబి రంగు. గాల్లోని నత్రజనిని పట్టే బాక్టీరియా కాపురం అది. ఆ రంగు లెగ్‌హిమోగ్లోబిన్‌ది, మన నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి పదార్థం. ఇంకో బుడిపెను తోస్తే మాత్రం కదల్లేదు. అది వేరు మీద పెరిగింది కాదు, వేరే ఉబ్బింది. అది నులిపురుగుది. ఒకే పెసర మొక్కకు రెండూ ఉన్నాయి, మేలు చేసేదీ కీడు చేసేదీ. ఇక జనుము వేరుకు ఊడొచ్చే బుడిపెలే ఉన్నాయి. వేరు నున్నగా, పీచుతో నిండుగా ఉంది.

ఈ ఊళ్లో వేరుబుడిపె నులిపురుగు అంటున్నది మెలాయిడొగైన్ జాతి. మట్టిలో తిరిగే దాని పిల్లపురుగు పొడవు అర మిల్లీమీటరుకు లోపే. కంటికి ఆనదు. లేత వేరుకొన దగ్గర లోపలికి దూరి, నీరూ ఆహారమూ పారే నాళాల పక్కన స్థిరపడి, నోట్లోని సూదితో కణాల్లోకి లాలాజలం ఎక్కిస్తుంది. ఆ కణాలు రెండుగా విడిపోవడం మానేసి, రాక్షస కణాలుగా ఉబ్బి పురుగుకు మేత అందిస్తూ ఉండిపోతాయి. ఆడది బేరికాయ ఆకారంలో ఉబ్బి కదలడం మానేస్తుంది. జిగురు తిత్తిలో మూడు నుంచి అయిదు వందల గుడ్లు పెడుతుంది. వెచ్చని నేలలో ఈ చక్రం సుమారు నెల రోజుల్లో పూర్తవుతుంది. మిరప చేలో ఆరేడు నెలలుంటుంది. అంటే ఒక్క పంట కాలంలో పలు తరాలు. తేలిక నేలల్లో ఇసుక రేణువుల మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి పురుగు తిరగడం సులువు. అందుకే రేగడి కంటే ఏటి ఒడ్డు చెక్కల్లో ఈ బెడద ముందు కనబడుతుంది. పురుగు చేసిన గాయంలోంచి ఎండుతెగులు శిలీంధ్రం కూడా ప్రవేశిస్తే, చచ్చిన మొక్కకు తెగులు పేరే పడుతుంది. నులిపురుగు పేరు బయటికే రాదు.

రైతు సేవా కేంద్రంలో పనిచేసే వ్యవసాయ సహాయకురాలు మధ్యాహ్నానికి వచ్చింది. బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుకున్న అమ్మాయి. రైతును "బాబాయ్ గారూ" అంటుంది, ఆయన "అమ్మాయ్" అంటారు. ముందురోజు ఇదే చేలో అయిదారు చోట్ల జానెడు లోతు మట్టి తీసి, కలిపి, ఒక గరాటులో పెట్టింది. పరికరమంతా ఇంతే: ప్లాస్టిక్ గరాటు, దాని మూతికి రబ్బరు గొట్టం, గొట్టానికి క్లిప్పు, పైన జల్లెడ మీద పల్చటి కాగితం, కాగితం మీద మట్టి, మట్టి తడిసే దాకా నీళ్లు. బతికున్న పురుగులు కాగితంలోంచి నీళ్లలోకి దిగి, ఈదలేక బరువుకు అడుగుకు చేరతాయి. ఒక రాత్రి ఆగి, క్లిప్పు వదిలి ఆ కాస్త నీటిని పట్టుకుంటే చాలు. డచ్చి వాళ్ల ఏలుబడిలోని తూర్పు దీవుల్లో వైద్యుడిగా ఉన్న బెయర్మన్ 1917లో చెప్పిన పద్ధతి ఇది. ఆయన వెతికింది మనుషుల పేగుల్లో చేరే కొంకి పురుగు పిల్లల కోసం. మట్టి పురుగుల వాళ్లకూ అదే అక్కరకొచ్చింది.

బడి నుంచి తెచ్చిన మైక్రోస్కోప్ కింద ఆ నీటి చుక్కను చూశాను. పారదర్శకంగా, సన్నగా, మెలికలు తిరుగుతూ చాలా ఉన్నాయి. నాకవన్నీ ఒక్కటే. "అన్నీ శత్రువులు కావండీ" అంది ఆ అమ్మాయి. "నోట్లో సూది ఉందా లేదా చూడాలి. సూది లేనివి ఎక్కువగా బాక్టీరియాను తినేవి, కుళ్లును ఎరువుగా మార్చే పనిలో ఉండేవి. సూది ఉన్నవాటిలోనూ శిలీంధ్రాల్ని తినేవి ఉంటాయి." మట్టిలోని సన్న పురుగులన్నిటినీ చంపేసే మందు వేస్తే ఏం పోతుందో ఆ చుక్కలో కనబడింది. ఇంత సరంజామా లేని రైతుకు ఆ అమ్మాయి చెప్పే పరీక్ష ఇంకా సులువు. అనుమానం ఉన్న చేలోంచి మట్టి తెచ్చి, కుండీలో నింపి, టమాట నారు నాటి, నెల దాటాక పీకి వేరు చూడటం. బుడిపెలుంటే ఆ మట్టిలో పురుగున్నట్టే.

జనుము ఏం చేస్తుందో అడిగాను. ఆ అమ్మాయి చెప్పింది, తర్వాత నేను చదివింది కలిపి రాస్తున్నాను. జనుము వేరు పిల్లపురుగును రానిస్తుంది. వచ్చాక పెరగనివ్వదు. విస్తరి వేసి కూర్చోబెట్టి అన్నం వడ్డించకపోవడం లాంటిది. లోపల ఇరుక్కున్న పురుగు గుడ్లు పెట్టే దశకు చేరకుండానే పోతుంది. రెండోది, ఈ జాతి మొక్కల్లో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు ఉంటాయి. పచ్చిరొట్టను నేలలో కలిపినప్పుడు అవి పురుగుకు గిట్టవు. మూడోది, నత్రజని ఎక్కువున్న పచ్చిరొట్ట కుళ్లేటప్పుడు వెలువడే అమ్మోనియా కొంత పని చేస్తుంది. ఆ కుళ్లు మీద బలిసే శిలీంధ్రాల్లో కొన్ని నులిపురుగుల్ని, వాటి గుడ్లని తింటాయి. హవాయిలో లిన్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త 1937లోనే అనాసాకును తరిగి నేలలో కలిపి, వేరుబుడిపె పురుగు తగ్గడం చూశాడు. జనుము జాతి మీద అప్పటిదాకా జరిగిన పనినంతా అదే హవాయిలో వాంగ్, సైప్స్, ష్మిట్ అనే ముగ్గురు 2002లో ఒకచోట కూర్చారు. వేరుబుడిపె పురుగుకు, పత్తినీ ఆముదాన్నీ పట్టే రెనిఫార్మ్ పురుగుకు జనుము గిట్టదని అందులో తేలింది. వేరును పుండు చేస్తూ తిరిగే ప్రాటిలెంకస్ వంటి వాటి మీద మాత్రం ఆ పట్టు లేదు. ఇంకో మాట కూడా అందులోనే ఉంది. తగ్గిన పురుగు, గిట్టే పంట మళ్లీ వేస్తే, తిరిగి పెరుగుతుంది.

ఆ చివరి మాట వినిపిస్తే రైతు తల ఊపారు. "ఒక్క ఏడాది జనుముతో పోయేదైతే మా తాతల నాడే పోయేది."

ఇక్కడ నేను గట్టిగా చెప్పాల్సిన విషయం ఒకటుంది. పచ్చిరొట్ట వేయండి, పప్పుజాతి వేయండి అని చెప్పేవాళ్లు ఏ పప్పుజాతో చెప్పకపోతే, నులిపురుగు ఉన్న చేనుకు అది మేలు కాదు. సంచి మీద చూసిన పెసర వేరే సాక్ష్యం. పెసర, మినుము, అలసంద మామూలు రకాలు వేరుబుడిపె పురుగును బాగా పోషిస్తాయి. మిరప వెళ్లాక పెసర చల్లి, నేలకు బలమిచ్చానని రైతు సంతోషపడతాడు. నేలకు నత్రజని చేరిన మాట నిజం. పురుగుకు మధ్యలో ఇంకో భోజనం దొరికిన మాట కూడా నిజం. కందికైతే ప్రత్యేకంగా సిస్టు నులిపురుగు ఒకటి ఉంది. మన రాష్ట్రంలోనే, శ్రీకాళహస్తి చుట్టుపక్కల 1975-76లో వేరుశనగ కాయలు నల్లమచ్చలు పడి, ఊడలు కురచబడి దిగుబడి దెబ్బతింటే, కారణం నులిపురుగని తేలింది. ఆ ఊరి పేరే తెగులు పేరై 'కాళహస్తి తెగులు' అయింది. వేరుశనగా పప్పుజాతే. కానీ మిరపను పట్టే ఇన్‌కాగ్నిటా అనే వేరుబుడిపె పురుగుకు అదే వేరుశనగ గిట్టదు. పురుగు మారితే మందు మేత అవుతుంది, మేత మందు అవుతుంది.

జీలుగ గురించి ఇంకా జాగ్రత్తగా మాట్లాడాలి. వరికి దాన్ని మించిన పచ్చిరొట్ట లేదు, చౌడును కూడా తట్టుకుంటుంది. సెనెగల్‌లో 1983లో జీలుగ జాతికే చెందిన సెస్బేనియా రాస్ట్రేటాను వరి వేరు పురుగుకు ఎర పంటగా వాడి చూశారు, పనిచేసింది. అదే జాతిలోని సెస్బేనియా సెస్బాన్‌ను పడమటి కెన్యాలో నేల బాగుకోసం వేస్తే, వేరుబుడిపె పురుగు పెరిగి తర్వాత వేసిన చిక్కుడు దెబ్బతింది. డెసెగర్, రావు అనే పరిశోధకులు 1990ల చివర అక్కడ ఇది గమనించి, దానితో జనుము జాతి మొక్కలు కలిపి వేసే మార్గం వెతికారు. కాబట్టి వరిమడికి జీలుగ మంచిదని మిరప చెక్కకూ అదే పట్టుకెళ్లడం నాకు సమ్మతం కాదు. మన ప్రాంతంలో ఆ మూడు విత్తనాలూ, జీలుగ, జనుము, పిల్లిపెసర, ఒకే రాయితీ మీద వస్తాయి. ఏది దొరికితే అది తెచ్చుకోవడం రైతుకు అలవాటు. ఎంపిక ఎవరైనా చేసిపెట్టాలి.

రైతు సాధికార సంస్థ ప్రకృతి సాగులో తొలకరికి ముందే వేయించే నవధాన్యాల గురించి కూడా అక్కడ మాటొచ్చింది. 2018లో అనంతపురం వైపు మొదలైన పద్ధతి అది. ఎండాకాలం నేలను ఖాళీగా వదలకపోవడం మంచి ఆలోచన, నేను దాన్ని ఇష్టపడతాను. కానీ ఆ మిశ్రమంలో పెసర, అలసంద, బెండ ఉంటే, పురుగు పట్టిన చెక్కలో వాటిని తగ్గించి జనుము, నువ్వు, సజ్జ, జొన్న పాలు పెంచితే నయం. "కలిపి ఇచ్చిన సంచి కలిపినట్టే చల్లేస్తారండీ" అంది సహాయకురాలు. "ఒక్క చేనుకు ఒక్క మిశ్రమం చేసిచ్చే వీలుంటే ఎంత బావుండునో."

విదేశాల్లో ఈ ఎంపిక పాతదే. అమెరికాలోని దక్షిణ కరోలినాలో వెబర్, ఆర్టన్ అనే ఇద్దరు 1902లో 'ఐరన్' అనే అలసంద రకం ఎండుతెగులుకీ వేరుబుడిపెకీ కూడా లొంగడం లేదని రాశారు. ఆ అలసంద సంతతిని అక్కడ ఇప్పటికీ నేల కప్పే పైరుగా వాడుతున్నారు. మన దగ్గర సి.ఎ.బార్బర్ నీలగిరి వైపు దేవాల తేయాకు తోటలో వేరుబుడిపె పురుగును 1901లోనే గుర్తించాడు. అంటే రెండు ఖండాల్లోనూ ఇంచుమించు ఒకే కాలంలో లెక్కలోకొచ్చిన శత్రువు. మన అలసందల్లో, పెసరల్లో అలాంటి గట్టి రకాలు ఏవో తేల్చి, పల్లె దాకా తెచ్చే పని ఇంకా ఉంది.

పురుగుమందు గుళికల మాట అడగక తప్పలేదు. ఆ రైతు చాలా ఏళ్లు ఫోరేట్ గుళికలు వేశారు. 2020 డిసెంబరు 31తో దేశంలో దాన్ని నిషేధించారు. "వేసినప్పుడు నాలుగు వారాలు తోట కళగా ఉండేది. వాసనకి మాకు తల తిరిగేది" అన్నారావిడ. అమెరికాలో డీబీసీపీ అనే నులిపురుగు మందు తయారుచేసిన కర్మాగారంలో మగ కార్మికులు సంతానం లేనివాళ్లయ్యారని 1977లో బయటపడింది. ఆ మందూ పోయింది. ఇప్పుడు కొత్త మందులు వస్తున్నాయి, ఖరీదెక్కువ. చెక్క ఎంత పాడైందో చూడకుండా వాటి మీదికి పోవడం కంటే, జూన్‌లో ఖాళీగా ఉండే నేలలో ఎకరానికి పన్నెండు, పదిహేను కిలోల జనుము చల్లడం చవక.

ఈ ప్రాంతంలో కాలం కూడా కలిసొస్తుంది. మిరప నారు ఆగస్టు నెలాఖరు నుంచి సెప్టెంబరు దాకా నాటుతారు. తొలకరికి చల్లిన జనుము నలభై అయిదు, యాభై రోజులకు పూతకొస్తుంది. పూత దశలోనే కలియదున్నాలి. ముదిరితే కాండం నారెక్కుతుంది, కుళ్లదు, రోటవేటర్ కత్తులకు చుట్టుకుంటుంది. దున్నేటప్పుడు నేలలో పదును ఉండాలి. దున్నాక రెండు మూడు వారాలు ఆగి నారు నాటాలి. పచ్చిది కుళ్లుతుండగానే నాటితే లేత వేరుకు కుళ్లు పడుతుంది. ఆ రెండు మూడు వారాలు చేలో కలుపు లేకుండా చూడాలి, ఎందుకంటే కామంచి వంటి కలుపు మొక్కలు కూడా పురుగుకు ఆశ్రయమే. నారు సంగతి మరచిపోకూడదు. పురుగున్న మడిలో పెంచిన నారు తెచ్చి నాటితే జనుము చేసిన పనంతా వృథా. ఈ దంపతులు నారుమడిని మే నెల ఎండలో తడిపి, పారదర్శక పాలిథిన్ షీటు కప్పి నెల పైన ఉంచారు. మన ఎండ ఆ మట్టిని ఉడికించేస్తుంది, షీటు ఖర్చు తప్ప కాణీ ఖర్చు లేకుండా.

కష్టం వేరే చోట ఉంది. వాన పడిన వారంలో విత్తనం చేతిలో లేకపోతే ఈ లెక్కంతా తప్పుతుంది. జూలైలో వచ్చిన జనుము విత్తనం మిరప రైతుకు పనికిరాదు. మృగశిరకు ముందే అది పల్లెకు చేరాలి. రెండోది కౌలు. పక్క చెక్క కౌలు రైతుది. ఆయనా వచ్చి మాతో కూర్చున్నాడు. "వచ్చే ఏడాది ఈ నేల నాకిస్తారో లేదో తెలీదు. యాభై రోజులు జనుముకిచ్చి, దాని లాభం ఇంకొకళ్లకి వదలమంటారా?" అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. 2019లో సాగుదారు హక్కుల చట్టం వచ్చాక దాని కింద కౌలు రైతుకిచ్చే కార్డు మీద రాయితీ విత్తనం తెచ్చుకునే దారి ఉంది. కానీ నేల బాగు మీద పెట్టిన కాలానికి హామీ ఇచ్చే కౌలు ఒప్పందం లేదు. కనీసం మూడేళ్ల కౌలు ఉంటే తప్ప ఆయన చేను బాగుపడదు. నులిపురుగు గట్టు చూసి ఆగదు. ట్రాక్టరు గొర్రుకు అంటిన మట్టితో, పారే నీటితో ఆ చెక్కలోంచి ఈ చెక్కలోకి వస్తుంది.

సాయంత్రం బయల్దేరే ముందు ఆయన చేను తూర్పు చివర చూపించారు. అక్కడ నాలుగు సాళ్ల వెడల్పున జనుము వేయకుండా ఉత్త దుక్కిగా వదిలారు. సహాయకురాలి సలహా అది. సెప్టెంబరులో రెండు వైపులా ఒకే నారు, ఒకే రోజు నాటుతారు. సంక్రాంతి తర్వాత రెండు వైపుల నుంచీ పదేసి మొక్కలు పీకి, వేళ్లు కడిగి, బుడిపెల్ని బట్టి సున్నా నుంచి అయిదు దాకా మార్కులు వేసి పోల్చుతారు. కోత కాయ కూడా రెండు వైపులా విడివిడిగా తూచాలని ఆవిడ పట్టుబట్టారు. కాటా తమదేనని, కూలీలకు సంచులు వేరువేరుగా ఇస్తానని చెప్పారు. వదిలిన సాళ్లలో దిగుబడి తగ్గితే నష్టం కదా అన్నాను. "తగ్గాలనే వదిలామండీ" అన్నారావిడ. "తేడా కనబడకపోతే వచ్చే ఏడు ఎవరు నమ్ముతారు?"